ఎలాస్టిక్‌సెర్చ్ స్నాప్‌షాట్ రిపాజిటరీ దోషాలు

ఎలాస్టిక్‌సెర్చ్ క్లస్టర్‌లో తీసే బ్యాకప్‌ను స్నాప్‌షాట్ అంటారు. అది చేరే చోటు పేరు రిపాజిటరీ. సర్వర్లన్నిటికీ కనిపించే ఉమ్మడి ఫోల్డర్ రిపాజిటరీ కావచ్చు, అమెజాన్ ఎస్3, గూగుల్ క్లౌడ్ స్టోరేజ్, అజూర్ లాంటి క్లౌడ్ నిల్వ కావచ్చు, హడూప్ ఫైల్ వ్యవస్థ కావచ్చు. ఆ చోట రాయడం, చదవడం, చెరపడం అనే మూడు పనుల్లో ఏది ఆగినా ఎర్రర్ పడుతుంది. ఎర్రర్‌లో రిపాజిటరీ పేరే ఉంటుంది కాబట్టి చూసినవాళ్లు ముందు నిల్వనే అనుమానిస్తారు. చాలాసార్లు డిస్కు తప్పేమీ ఉండదు. ఆ డిస్కు క్లస్టర్‌లోని నోడ్లన్నిటికీ ఒకే తీరుగా కనిపించకపోవడమో, ఒక్కరే రాయాల్సిన పుస్తకంలో ఇద్దరు రాయడమో జరిగి ఉంటుంది. ఈ వ్యాసంలో నోడ్ అంటే క్లస్టర్‌లో భాగంగా నడిచే ఒక్కో ఎలాస్టిక్‌సెర్చ్ సర్వర్.

పూర్వరంగం

షే బానన్ 2010 ఫిబ్రవరిలో ఎలాస్టిక్‌సెర్చ్ తొలి వెర్షన్‌ను విడుదల చేశాడు. దాని అడుగున పనిచేసేది డగ్ కటింగ్ 1999లో మొదలుపెట్టిన లూసీన్ అనే శోధన లైబ్రరీ. ఇప్పుడున్న స్నాప్‌షాట్ పద్ధతి 2014 ఫిబ్రవరిలో 1.0 వెర్షన్‌తో వచ్చింది. డేటా ఫోల్డర్‌ను నేరుగా మరో డిస్కుకు కాపీ చేసి దాన్నే బ్యాకప్ అనుకోవడం పాత డేటాబేస్‌ల నుంచి వచ్చిన అలవాటు. అది ఈనాటికీ పూర్తిగా పోలేదు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఆ కాపీ పనికిరాదు. ఒక నోడ్ ఫోల్డర్ కాపీ అవుతుండగానే దానిలోని ఫైళ్లు మారిపోతుంటాయి. పక్క నోడ్‌లో కాపీ మొదలయ్యేసరికి క్లస్టర్ మరో నాలుగడుగులు ముందుకు వెళ్లి ఉంటుంది. అలాంటి కాపీ నుంచి క్లస్టర్‌ను లేపితే అసలు లేవకపోవచ్చు. అంతకంటే చెడ్డ సంగతి, లేచినట్టే లేచి కొంత డేటాను చడీచప్పుడు లేకుండా పోగొట్టవచ్చు.

2021 జనవరిలో ఎలాస్టిక్ సంస్థ లైసెన్సు మార్పును ప్రకటించింది. దాంతో అమెజాన్ 7.10.2 వెర్షన్ నుంచి ఓపెన్‌సెర్చ్ అనే శాఖను విడదీసింది. రిపాజిటరీ విషయంలో రెండింటి పునాదీ ఒకటే. కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఓపెన్‌సెర్చ్‌కూ వర్తిస్తుంది. 7.10 తర్వాత ఎలాస్టిక్‌సెర్చ్‌లో చేరిన పనిముట్లు మాత్రం అక్కడ ఉంటాయనుకోకూడదు.

రిపాజిటరీ లోపల ఏముంటుంది

దోషాలు అర్థం కావాలంటే ఒకసారి రిపాజిటరీ తలుపు తీసి చూడాలి. పై అంచెలో ఇండెక్స్ అనే మాట పక్కన ఒక అంకె ఉన్న ఫైలు ఉంటుంది. ఇండెక్స్-0, ఇండెక్స్-1 అని మార్పు జరిగినప్పుడల్లా అంకె పెరుగుతుంది. ఈ అంకెను జనరేషన్ అంటారు. రిపాజిటరీలో ఏయే స్నాప్‌షాట్లు ఉన్నాయి, ఒక్కో దానిలో ఏయే ఇండెక్స్‌లు ఉన్నాయి అన్న లెక్క మొత్తం ఈ ఫైలుదే. పక్కనే ఇండెక్స్ డాట్ లేటెస్ట్ అనే ఎనిమిది బైట్ల చిన్న ఫైలు ప్రస్తుత అంకె ఎంతో చెబుతుంది. స్నాప్ అనీ మెటా అనీ మొదలయ్యే ఫైళ్లు స్నాప్‌షాట్‌కు ఒక్కోటి చొప్పున ఉంటాయి. ఇండిసెస్ అనే ఫోల్డర్ లోపల అసలు సరుకు ఉంటుంది. అక్కడి ఫోల్డర్ల పేర్లు ఇండెక్స్ పేర్లు కావు, అర్థం లేని అక్షరాల వరసలు. ఫోల్డర్ పేరు చూసి ఇది ఫలానా ఇండెక్స్‌ది అని పోల్చుకోవడం మనిషి వల్ల కాదు. చేత్తో సర్దబోయేవాళ్లను ఆ పేర్లే ఆపాలి, కానీ ఆపవు.

ఈ పుస్తకం రాసే తీరులో పని విభజన ఉంది. డేటా నోడ్లు తమ దగ్గరున్న ప్రైమరీ షార్డుల (ఇండెక్స్‌ను విడగొట్టిన ముక్కల అసలు ప్రతుల) ఫైళ్లను నేరుగా రిపాజిటరీలో పోస్తాయి. పద్దు రాసే అధికారం మాత్రం ఎన్నికైన మాస్టర్ నోడ్ ఒక్కదానిదే. ధాన్యం ఎవరి బండిలో వాళ్లే తోలుకొచ్చి గాదెలో పోయవచ్చు, కానీ ఎంత వచ్చిందో చిట్టాలో ఎక్కించేది కరణం ఒక్కడే. అందువల్ల రిపాజిటరీలో రాసే, చదివే హక్కు మాస్టర్‌కు ఒక్కదానికే ఉంటే చాలదు, డేటా నోడ్లన్నిటికీ ఉండాలి. కొత్తగా క్లస్టర్ కట్టేవాళ్లు తొలి ఎర్రర్‌ను తెచ్చుకునేది సాధారణంగా ఇక్కడే.

లూసీన్ తన డేటాను సెగ్మెంట్లు అనే ఫైళ్లలో రాస్తుంది. ఒకసారి రాసిన సెగ్మెంట్‌ను అది మళ్లీ దిద్దదు. దిద్దదు గనుక స్నాప్‌షాట్ పని తేలికవుతుంది. మొదటి స్నాప్‌షాట్ అన్నిటినీ మోస్తుంది. రెండోది కొత్తగా పుట్టిన సెగ్మెంట్లను మాత్రమే మోసి, పాతవాటి విషయంలో ఫలానా ఫైలు ముందే ఉందని రాసుకుంటుంది. అంటే నిన్నటి స్నాప్‌షాట్‌కూ ఆరు నెలల నాటి స్నాప్‌షాట్‌కూ ఒకే ఫైలు ఆధారం కావచ్చు. కింద వచ్చే పెద్ద ప్రమాదాలన్నీ ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్లనే జరుగుతాయి.

నమోదు దగ్గరే ఆగిపోవడం

ఉమ్మడి ఫోల్డర్‌ను రిపాజిటరీగా నమోదు చేసేటప్పుడు మొదట ఎదురయ్యేది పాత్ డాట్ రెపో అనే సెట్టింగ్ గొడవ. ఏయే ఫోల్డర్లలో రిపాజిటరీ పెట్టుకోవచ్చో ప్రతి మాస్టర్ నోడ్, ప్రతి డేటా నోడ్ కాన్ఫిగరేషన్ ఫైలులో ముందుగా రాసి ఉంచాలి. రాయకపోతే ఈ చోటు పాత్ డాట్ రెపోలో చెప్పిన ఏ చోటుతోనూ సరిపోలడం లేదని, ఆ సెట్టింగ్ ఖాళీగా ఉందని ఎర్రర్ స్పష్టంగానే చెబుతుంది. ఇది నడుస్తుండగా మార్చే సెట్టింగ్ కాదు, నోడ్ రీస్టార్ట్ కావాలి. షార్డులకు ఇతర నోడ్లలో నకళ్లు ఉన్నప్పుడు ఒక్కో నోడ్‌నే ఆపి లేపుతూ పోతే శోధన ఆగదు. ఒక నోడ్‌లో రాయడం మర్చిపోయినా, పక్క నోడ్‌లో స్పెల్లింగ్ తేడా పడినా మళ్లీ అదే ఎర్రర్.

సెట్టింగ్ కుదిరాక పరీక్ష మొదలవుతుంది. నమోదు చేసిన వెంటనే మాస్టర్ నోడ్ రిపాజిటరీలో టెస్ట్స్ అని మొదలయ్యే పేరుతో తాత్కాలిక ఫోల్డర్ చేసి, అందులో ఒక చిన్న ఫైలు రాస్తుంది. తర్వాత ప్రతి నోడ్ అదే ఫోల్డర్‌లో తన పేరుతో ఒక ఫైలు రాసి, మాస్టర్ రాసినదాన్ని చదివి సరిచూడాలి. చివరికి మాస్టర్ ఆ ఫోల్డర్‌ను చెరిపేస్తుంది. ఏ మెట్టులో తప్పినా రిపాజిటరీ వెరిఫికేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని చూసి వెంటనే అనుమతుల మీద పడేకన్నా, ఎర్రర్ ఏ నోడ్ గురించి చెబుతోందో, ఆ నోడ్ రాయలేకపోయిందో చదవలేకపోయిందో చూడడం మంచిది. రెండు ఫిర్యాదులకూ కారణాలు వేరు.

రాయలేకపోతే అది చాలావరకు అనుమతుల చిక్కు. రాయగలిగి, మాస్టర్ రాసిన ఫైలు మాత్రం కనిపించకపోతే ఆ నోడ్ మరో చోట రాస్తోందని అర్థం. ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా తగిలించిన ఫోల్డర్లలో ఇది తరచూ జరుగుతుంది. సర్వర్ రీబూట్ అయినప్పుడు ఏదో కారణంగా మౌంట్ తిరిగి తగలదు. మౌంట్ కోసం చేసిన ఖాళీ ఫోల్డర్ మాత్రం స్థానిక డిస్కు మీద అలాగే ఉంటుంది. పేరు అదే, దారి అదే, పాత్ డాట్ రెపోతో కూడా సరిపోతుంది. నోడ్ నిశ్చింతగా తన సొంత డిస్కులోనే రాసుకుంటుంది. బహుళ నోడ్ల క్లస్టర్‌లో మళ్లీ వెరిఫై అడిగినప్పుడు ఇది పట్టుబడుతుంది. ఒకే నోడ్ ఉన్న చోట పట్టించేవాళ్లే ఉండరు. తన ఫైలు తానే రాసి తానే చదివి సరేనంటుంది. ఆ సర్వర్ డిస్కు పోయిన రోజున డేటాతో పాటు బ్యాకప్ కూడా పోతుంది.

అనుమతుల చిక్కులో దాగి ఉండేది సంఖ్యల గొడవ. ఎన్‌ఎఫ్‌ఎస్ సాధారణ ఏర్పాటులో వాడుకరి పేరును చూడదు, అంకెను చూస్తుంది. ప్రతి సర్వర్‌లోనూ ఎలాస్టిక్‌సెర్చ్ అనే వాడుకరి ఉన్నా, ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినప్పుడు ఖాళీగా ఉన్న అంకె అతనికి దక్కుతుంది. ఒకచోట 112, మరోచోట 115 కావచ్చు. మొదటి నోడ్ రాసిన ఫైలు రెండో నోడ్‌కు పరాయివాడి ఫైలులా కనిపిస్తుంది. లిస్టు తీసి పేర్లు చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నట్టుంటాయి కాబట్టి దీన్ని పట్టుకోవడానికి గంటలు పడుతుంది. ప్రతి నోడ్ మీదా ఆ వాడుకరి అంకెను ఐడీ ఆదేశంతో చూసి పక్కపక్కన పెట్టుకుంటే నిమిషంలో తేలిపోతుంది. అధికారిక డాకర్ ఇమేజ్‌లో ఆ అంకె 1000గా స్థిరంగా ఉంటుంది. అందువల్ల సగం నోడ్లు డాకర్‌లో, సగం ప్యాకేజీల్లో ఉన్న మిశ్రమ క్లస్టర్లో ఈ తేడా దాదాపు ఖాయం. ఫోల్డర్‌కు 777 అనుమతి ఇచ్చి చేతులు దులుపుకోవడం అందరికీ తోచే చిట్కా. కానీ ఆ తర్వాత పుట్టే ఉప ఫోల్డర్లకు ఆ అనుమతి వస్తుందన్న భరోసా లేదు. అంకెలు కలపడమే అసలు మందు.

ప్రయోగం కోసమని రిపాజిటరీని టెంప్ ఫోల్డర్‌లో పెట్టేవాళ్లు మరో వింత చూస్తారు. ప్యాకేజీతో వచ్చే సిస్టమ్‌డీ ఫైలు ఈ సర్వీసుకు సొంత టెంప్ ఇస్తుంది. మనం షెల్‌లో చూసే టెంప్, ఎలాస్టిక్‌సెర్చ్ చూసే టెంప్ ఒకటి కావు. స్నాప్‌షాట్ విజయవంతమైందని జవాబు వస్తుంది, వెళ్లి చూస్తే ఫోల్డర్ ఖాళీ.

క్లౌడ్ నిల్వలో వచ్చేవి

ఎస్3, అజూర్, గూగుల్ నిల్వలకు ఒకప్పుడు విడిగా ప్లగిన్ పెట్టాల్సి వచ్చేది. 8.0 వెర్షన్ నుంచి అవి మూల ప్యాకేజీలోనే ఉన్నాయి. పాత 7 శ్రేణి క్లస్టర్లో ప్లగిన్ ఒక నోడ్‌కు పెట్టి మరో నోడ్‌కు మర్చిపోవడం, రిపాజిటరీ రకం తెలియదన్న ఎర్రర్ రావడం ఇప్పటికీ చూస్తాం.

తాళం చెవుల విషయంలోనూ అదే మరుపు. ఎస్3 యాక్సెస్ కీ, సీక్రెట్ కీ ఉండాల్సింది కీస్టోర్ అనే భద్రమైన ఫైలులో. ఆ ఫైలు నోడ్‌కు ఒకటి. మాస్టర్ మీద కీ పెట్టి వదిలేస్తే నమోదు సగం దాకా వెళ్లి, డేటా నోడ్ల దగ్గర తాళం తెరుచుకోక ఆగుతుంది. కీ మార్చాక సెక్యూర్ సెట్టింగ్స్ రీలోడ్ చేయమని క్లస్టర్‌కు చెప్పాలి. చెప్పకపోతే నోడ్లు పాత కీతోనే తలుపు తడుతుంటాయి.

ఎస్3 నుంచి 403 వస్తే అనుమతుల జాబితా చూడాలి. చదవడం, రాయడం, బకెట్‌లోని జాబితా చూడడం ఇచ్చి, చెరిపే అనుమతిని జాగ్రత్త కోసమని ఆపేసేవాళ్లు ఉన్నారు. బ్యాకప్‌ను ఎవరూ చెరపకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ వెరిఫికేషన్ తన తాత్కాలిక ఫైలును తీసేయాలి, పాత స్నాప్‌షాట్లను తొలగించాలి, పాత జనరేషన్ ఫైళ్లను తుడవాలి. చెరపడం రాని రిపాజిటరీ నడవదు. పెద్ద ఫైళ్లను ముక్కలుగా పంపుతారు కాబట్టి సగంలో ఆగిన అప్‌లోడ్‌ను రద్దు చేసే అనుమతి కూడా కావాలి.

కొన్ని 403లకు అనుమతులతో సంబంధమే ఉండదు. సర్వర్ గడియారం అమెజాన్ గడియారంతో 15 నిమిషాలకు మించి తేడాపడితే ఎస్3 అభ్యర్థనను తిరస్కరిస్తుంది. చాలాకాలం ఆపి ఉంచి మళ్లీ లేపిన వర్చువల్ మెషీన్లలో ఇది మామూలు. క్రోనీ లాంటి సమయ సేవ నడుస్తోందో లేదో చూసుకుంటే చాలు.

తెలుగు రాష్ట్రాల సంస్థలకు దగ్గరి విషయం ఒకటుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను తెరిచింది. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లన్నీ ఖాతాలో మూసి ఉంటాయి, కోరి తెరుచుకోవాలి. 2016లో వచ్చిన ముంబై రీజియన్‌కు ఈ నిబంధన లేదు. మరో తేడా కూడా ఉంది. పాత రీజియన్‌లోని బకెట్ కోసం తప్పు రీజియన్ తలుపు తడితే ఎస్3 సరైన చోటికి దారి మళ్లించగలదు. కొత్త రీజియన్ల విషయంలో మళ్లించదు, 400 బ్యాడ్ రిక్వెస్ట్ అని తిప్పి పంపుతుంది. ముంబై బకెట్‌తో ఏళ్లుగా నడిచిన సెట్టింగ్‌లో బకెట్ పేరు ఒక్కటే మార్చి హైదరాబాద్‌కు వెళితే ఈ 400 ఎదురవుతుంది. ఆ ఎర్రర్ మాటల్లో నిల్వ గురించి ఏమీ ఉండదు కాబట్టి మనిషి తికమకపడతాడు. క్లయింట్ సెట్టింగ్‌లో రీజియన్‌నూ ఎండ్‌పాయింట్‌నూ స్పష్టంగా రాస్తే గొడవ పోతుంది.

ఎస్3 భాష మాట్లాడే సొంత నిల్వలు, మినియో, సెఫ్ లాంటివి, మరో రకం. సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్ వాడితే జావా దాన్ని నమ్మదు, పీకేఐఎక్స్ అనే మాటతో ఎర్రర్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను సిస్టమ్ జావాకు చేర్చినా ప్రయోజనం ఉండకపోవచ్చు. 7.0 నుంచి ఎలాస్టిక్‌సెర్చ్ తన సొంత జావాను వెంట తెచ్చుకుంటోంది, నమ్మకాల జాబితా కూడా దాని లోపలే ఉంది. వెర్షన్ పెంచినప్పుడు ఆ జావా కూడా కొత్తదవుతుంది, చేర్చిన సర్టిఫికెట్ పోతుంది. అప్‌గ్రేడ్ మర్నాడే బ్యాకప్ ఆగిపోయిందంటే మొదట ఇక్కడ చూడాలి.

ఆ నిల్వ నిజంగా ఎస్3లా ప్రవర్తిస్తుందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. రాసిన వెంటనే చదివితే కొత్త సరుకే రావాలి. అమెజాన్ ఎస్3కే ఆ హామీ 2020 డిసెంబరులో గాని రాలేదు. అనుకరణ నిల్వల్లో కొన్ని భారం పెరిగినప్పుడు ఈ మాట తప్పుతాయి. 7.12లో వచ్చిన రిపాజిటరీ అనలైజ్ అనే పరీక్ష నోడ్లన్నిటి చేతా ఒకేసారి రాయించి, చదివించి, సగంలో ఆపించి చూస్తుంది. దాని మామూలు కొలతలు చిన్నవి. కొత్త నిల్వను నమ్మేముందు కొలతలు పెంచి పెద్ద ఫైళ్లతో నడపాలి. అమ్మేవాళ్లు ఎస్3 కంపాటిబుల్ అని ముద్ర వేస్తే సరిపోదు, ఈ పరీక్ష గట్టెక్కాలి.

ఒక చిట్టా, ఇద్దరు కరణాలు

రిపాజిటరీ దోషాల్లో అన్నిటికన్నా భయపెట్టేది ఇది. ప్రొడక్షన్ క్లస్టర్ స్నాప్‌షాట్లను టెస్టింగ్ క్లస్టర్‌లో రీస్టోర్ చేసి చూడాలనుకుంటారు. అందుకు అదే బకెట్‌ను, అదే దారిని రెండో క్లస్టర్‌లోనూ నమోదు చేస్తారు. రీస్టోర్ సాఫీగా జరుగుతుంది. తర్వాత టెస్టింగ్ క్లస్టర్‌లో, నిర్ణీత వేళకు స్నాప్‌షాట్ తీయమని ఎప్పుడో పెట్టిన పాలసీ ఒకటి తనంతట తాను స్నాప్‌షాట్ తీస్తుంది. జనరేషన్ అంకె పెరుగుతుంది. ప్రొడక్షన్ మాస్టర్ మనసులో ఉన్న అంకె ఒకటి, రిపాజిటరీలో కనబడే అంకె మరొకటి. రిపాజిటరీలోని సరుకు తాను ఆశించిన స్థితిలో లేదనీ, మరెవరో మార్చి ఉండవచ్చనీ చెప్పి అది ఆ రిపాజిటరీని వాడకం నుంచి ఆపేస్తుంది.

ఈ ఆపడాన్ని దోషం అనకూడదు, కాపాడటం అనాలి. 7.6 నుంచి మాస్టర్ ప్రస్తుత జనరేషన్‌నూ రాయబోయే జనరేషన్‌నూ క్లస్టర్ స్థితిలో విడిగా గుర్తుంచుకుంటోంది. తేడా కనిపిస్తే రాయడం మానేస్తుంది. ఆ గుర్తింపు లేనప్పుడు రెండు క్లస్టర్లూ ఒకదాని పద్దు మీద మరొకటి రాసుకునే ప్రమాదం ఉండేది. ఒకటి చెరిపిన ఫైలే రెండోదాని స్నాప్‌షాట్‌కు ప్రాణం కావచ్చు.

బాగుచేయడంలో తొందర పనికిరాదు. మొదట రాస్తున్న రెండో చెయ్యి ఎవరిదో పట్టుకోవాలి. మరో క్లస్టర్ అయితే అక్కడ ఆ రిపాజిటరీని రీడ్ ఓన్లీగా మార్చాలి. తర్వాత అసలు క్లస్టర్‌లో నమోదు తీసేసి, అదే సెట్టింగ్‌తో మళ్లీ నమోదు చేయాలి. అప్పుడు మాస్టర్ నిల్వలోని తాజా జనరేషన్‌ను కొత్తగా చదువుకుంటుంది. నమోదు తీసేస్తే ఫైళ్లు పోవు, కేవలం క్లస్టర్ ఆ చోటును మర్చిపోతుంది. అయితే ఆదేశం రాసేటప్పుడు కళ్లు తెరుచుకుని ఉండాలి. రిపాజిటరీ పేరు దగ్గర ఆపితే నమోదు మాత్రమే పోతుంది. ఆ పేరు తర్వాత ఒక గీత పెట్టి నక్షత్రం గుర్తు చేరిస్తే స్నాప్‌షాట్లన్నీ పోతాయి. రెండు ఆదేశాలకూ మధ్య ఉన్నది రెండు అక్షరాల ఎడం, అదీ రాత్రి రెండింటికి కళ్లు మూతలు పడుతుండగా.

దీనికి అసలు పరిష్కారం ముందు జాగ్రత్తే. ఒక చోట ఒకే క్లస్టర్ రాయాలి, మిగతావన్నీ రీడ్ ఓన్లీగానే చూడాలి. క్లస్టర్‌ను మొత్తంగా క్లోన్ చేసినప్పుడు నమోదులు కూడా క్లోన్ అవుతాయన్న సంగతి చాలామందికి తోచదు.

శుభ్రం చేయబోయి

రెండో చెయ్యి క్లస్టరే కానక్కర్లేదు. ఎస్3లో లైఫ్‌సైకిల్ రూల్ అని ఉంటుంది. 30 రోజులు దాటిన ఫైళ్లను చెరిపేయమనో, చవకైన గ్లేసియర్ తరగతికి పంపమనో చెప్పవచ్చు. లాగ్ ఫైళ్లకు ఇది చక్కని ఏర్పాటు. దాన్నే స్నాప్‌షాట్ బకెట్‌కు పెడితే గోడలు కట్టాక పునాది రాళ్లు పాతవయ్యాయని పెకలించినట్టే. నిన్నటి స్నాప్‌షాట్ ఆరు నెలల నాటి సెగ్మెంట్ మీద నిలబడి ఉండవచ్చు. రూల్ ఆ సెగ్మెంట్‌ను వయసు చూసి తీసేస్తుంది. స్నాప్‌షాట్ జాబితాలో అన్నిటికీ సక్సెస్ అనే రాసి ఉంటుంది, ఎందుకంటే జాబితా చదివేది పద్దును, సరుకును కాదు. రీస్టోర్ చేసిన రోజున గాని ఫైలు లేదన్న ఎర్రర్ రాదు. గ్లేసియర్‌కు వెళ్లిన ఫైలైతే కనిపిస్తుంది కానీ వెంటనే చదవనివ్వదు.

పాత స్నాప్‌షాట్లు తగ్గించే పని ఎలాస్టిక్‌సెర్చ్‌కే వదలాలి. 7.4లో వచ్చిన స్నాప్‌షాట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్ ఎన్నాళ్లు ఉంచాలి, కనీసం ఎన్ని ఉంచాలి, గరిష్ఠంగా ఎన్ని అన్నది అడుగుతుంది. చెరిపేటప్పుడు ఏ స్నాప్‌షాట్‌కూ అక్కర్లేని ఫైళ్లనే తీస్తుంది. సగంలో ఆగిన పనుల వల్ల మిగిలిపోయిన చెత్తకు అదే వెర్షన్‌లో క్లీనప్ అనే ఆదేశం వచ్చింది. బకెట్‌లోకి దిగి చేత్తో తీయాల్సిన సందర్భం దాదాపు రాదు.

పాడయిందో లేదో తెలుసుకోవడానికి ఒకప్పుడు రీస్టోర్ చేసి చూడడం తప్ప దారి ఉండేది కాదు. 8.16లో వచ్చిన వెరిఫై ఇంటెగ్రిటీ అనే ఆదేశం పద్దుకూ సరుకుకూ పొంతన ఉందో లేదో చూసి చెబుతుంది. పెద్ద రిపాజిటరీ మీద దానికి చాలా సమయం, క్లౌడ్‌లో అయితే చదివినంత ఖర్చు పడుతుంది.

నిల్వ తప్పు కాని నిల్వ ఎర్రర్లు

స్నాప్‌షాట్ పార్షియల్ అని వస్తే కొన్ని షార్డులు చేరలేదని అర్థం. తరచూ కారణం ప్రైమరీ షార్డ్ ఏ నోడ్‌లోనూ లేకపోవడం. క్లస్టర్ ఆరోగ్యం ఎరుపులో ఉండగా తీసిన స్నాప్‌షాట్ ఇలాగే వస్తుంది. రిపాజిటరీని ఎంత సరిచేసినా ఫలితం ఉండదు, ముందు షార్డ్‌ను నిలబెట్టాలి.

మరో సందర్భం కాస్త విచిత్రం. నెలల తరబడి సాఫీగా శోధన చేస్తున్న ఇండెక్స్ ఒకటి స్నాప్‌షాట్ దగ్గర చెక్‌సమ్ తప్పిందని మొరాయిస్తుంది. 2014 నుంచి లూసీన్ ప్రతి ఫైలు చివరా చెక్‌సమ్ రాస్తోంది. శోధన ఫైలులోని అవసరమైన ముక్కలనే చదువుతుంది. స్నాప్‌షాట్ ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది కాబట్టి ఎప్పుడో పాడైన ముక్క అప్పుడు బయటపడుతుంది. దోషం ఆ నోడ్ స్థానిక డిస్కుది, తిట్లు బ్యాకప్ నిల్వకు. మంచి రెప్లికా (అదే షార్డుకు మరో నోడ్‌లో ఉన్న నకలు) ఉంటే పాడైన కాపీని వదిలించుకుని అక్కడి నుంచి తిరిగి నిర్మించుకోవచ్చు. అంతకుముందు తీసిన మంచి స్నాప్‌షాట్‌ను మాత్రం ఈలోగా గడువు తీరిందని పాలసీ చెరిపేయకుండా చూసుకోవాలి.

7.9కి ముందు క్లస్టర్‌లో ఒకసారి ఒకే స్నాప్‌షాట్ నడిచేది. ఒకటి పూర్తికాకముందే రెండోది మొదలైతే మరొకటి నడుస్తోందన్న ఎర్రర్ వచ్చేది. తర్వాత ఆ అడ్డు పోయింది, పాత ట్యుటోరియల్స్‌లో ఆ సలహాలు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. స్నాప్‌షాట్ నత్తనడక నడుస్తోందంటే ఒక్కో నోడ్‌కు సెకనుకు 40 మెగాబైట్లు అన్న మామూలు పరిమితిని గుర్తు చేసుకోవాలి. ఫోర్స్ మెర్జ్ చేసిన మర్నాడు స్నాప్‌షాట్ హఠాత్తుగా పెరిగితే కంగారు అక్కర్లేదు. పాత సెగ్మెంట్లన్నీ కలిసి కొత్త సెగ్మెంట్ అయ్యాయి, రిపాజిటరీకి అదంతా కొత్త సరుకే.

సమయం విషయంలో భారతీయ వాడుకరులకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. పాలసీలోని క్రాన్ వేళ యూటీసీలో ఉంటుంది. నమూనాల్లో కనిపించే రాత్రి ఒకటిన్నర మనకు ఉదయం ఏడు గంటలు. ట్రాఫిక్ పెరిగే వేళకు బ్యాకప్ మొదలవుతుంది. స్నాప్‌షాట్ పేరులోని తేదీ కూడా యూటీసీదే. మన వేళ ప్రకారం తెల్లవారుజామున రెండింటికి తీసిన స్నాప్‌షాట్‌కు ముందురోజు తేదీ పడుతుంది. మంగళవారం బ్యాకప్ రాలేదని వెతికేవాళ్లు సోమవారం పేరు మీద దాన్ని కనుక్కుంటారు.

ఎవరికీ వినిపించని వైఫల్యం

ఎర్రర్ రావడం ఒక విధంగా అదృష్టం. వచ్చిన ఎర్రర్ ఎవరికీ చేరకపోవడం వేరు. ఎలాస్టిక్‌సెర్చ్‌కు చెందకపోయినా ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ గిట్‌ల్యాబ్‌ది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు రెండో సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్‌ను చెరిపారు. ఎస్3 బకెట్‌లో బ్యాకప్ కోసం చూస్తే ఏమీ లేదు. డంప్ తీసే పనిముట్టు 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6. ప్రతిసారీ ఆ పని విఫలమవుతూనే ఉంది. విఫలమైందని పంపిన ఈమెయిళ్లను అందుకునే సర్వరు డీమార్క్ తనిఖీలో తిప్పికొట్టింది. ఆరు గంటల ముందు వేరే పని మీద చేత్తో తీసిన ఒక డిస్కు స్నాప్‌షాట్ వారిని కాపాడింది. సుమారు ఆరు గంటల డేటా పోయింది. సంస్థ ఈ కథను దాచుకోకుండా తానే ప్రచురించింది.

ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఇలాంటి నిశ్శబ్దాన్ని పట్టుకోవడానికి పాలసీ చివరి విజయం ఎప్పుడు, చివరి వైఫల్యం ఎప్పుడు అన్నది అడిగి చూడవచ్చు. 8 శ్రేణిలో వచ్చిన హెల్త్ రిపోర్ట్ పాడైన రిపాజిటరీలనూ, నోడ్లు గుర్తుపట్టలేని రిపాజిటరీలనూ విడిగా చూపుతుంది. విఫలమైనప్పుడు మోగే అలారం కన్నా, ఇన్ని గంటలుగా విజయం రాలేదంటే మోగే అలారం నమ్మదగింది. స్నాప్‌షాట్ అసలు మొదలే కాకపోతే విఫలమయ్యేదేమీ ఉండదు కదా.

రీస్టోర్ వేళ

రీస్టోర్ ఎర్రర్లలో సర్వసాధారణమైనది అదే పేరుతో తెరిచి ఉన్న ఇండెక్స్ ముందే ఉండటం. పాతదాన్ని మూయాలి, లేదా రీస్టోర్ అయ్యేదానికి పేరు మార్చాలి. ముందు పాతదాన్ని చెరిపేసి తర్వాత రీస్టోర్ పెట్టడం ధైర్యవంతుల పని. పేరు మార్చి తెచ్చుకుని, సరిచూసుకుని, అప్పుడు అలియాస్ తిప్పడం నెమ్మదస్తుల పద్ధతి. రీస్టోర్ మొదలై షార్డులు ఎక్కడా కుదురుకోకపోతే డిస్కులు చూడాలి. డిస్కు 85 శాతం నిండాక క్లస్టర్ ఆ నోడ్‌కు షార్డులు ఇవ్వడానికి వెనకాడుతుంది. కొత్త వెర్షన్‌లో తీసిన స్నాప్‌షాట్ పాత వెర్షన్‌లోకి రాదు. అప్‌గ్రేడ్ చేసి, నచ్చక వెనక్కి వెళదామనుకునేవాళ్లు అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్‌నే నమ్ముకోవాలి.

స్నాప్‌షాట్‌లో లేనివి కూడా తెలిసి ఉండాలి. నోడ్ల కాన్ఫిగరేషన్ ఫైళ్లు, కీస్టోర్, రిపాజిటరీ నమోదులు అందులో ఉండవు. తెలుగు శోధన నడిపేవాళ్లకు ఇది నేరుగా తగులుతుంది. తెలుగు యూనికోడ్ పాఠాన్ని ఒకే తీరుకు తేవడానికి చాలామంది ఐసీయూ ప్లగిన్ వాడతారు. బియ్యం, రైస్ లాంటి జంటలతో పర్యాయపదాల ఫైలు తయారుచేసి కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌లో పెడతారు. ఇండెక్స్ సెట్టింగ్‌లో ఆ ఫైలు పేరు ఉంటుంది, ఫైలు ఉండదు. కొత్త క్లస్టర్‌లో ప్లగిన్ గాని, ఫైలు గాని లేకపోతే ఇండెక్స్ తెరుచుకోదు. రిపాజిటరీలోని ప్రతి బైటూ క్షేమంగా ఉన్నా సరే. ఆ ఫైళ్లను గిట్‌లోనో మరెక్కడో విడిగా దాచుకుని, రీస్టోర్‌కు ముందే ప్రతి నోడ్‌లోనూ పెట్టుకోవాలి.